సందేహం నమోదైంది

ఆకలి, నిద్ర, సందేహం అనే మూడూ మనిషికి పుట్టుకతోనే వస్తాయని పూర్వం అనుకునేవారు. మొదటి రెండింటి సంగతి ఎలా ఉన్నా, మూడోది మాత్రం ఇకపై ఎవరికి పడితే వారికి, ఎప్పుడు పడితే అప్పుడు రావడానికి వీల్లేదని ‘తోటి విద్యార్థి బోధన పథకం’ మార్గదర్శకాలు తేల్చి చెప్పాయి. డిగ్రీ చదివే వారికి సందేహం వస్తే ముందుగా దాన్ని ‘సందేహ సేతు’ అనే యాప్‌లో నమోదు చేయాలి. నమోదైన సందేహానికి ఒక నంబరు వస్తుంది. ఆ నంబరు చూసుకుని, అందుకోసమే నియమితులైన విద్యార్థి బోధకులు దాన్ని తీర్చాలి. నంబరు లేని సందేహాన్ని తీర్చడం నేరమేమీ కాదు (అంత కఠినంగా ఉండకూడదని పైవాళ్లు దయతలచారు). కాకపోతే అలా తీరిన సందేహం తీరనట్టే లెక్క.

మదనపల్లెలోని ఒక డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రానికి, వాణిజ్య శాస్త్రానికి కలిపి ఇలా నియమితురాలైన అమ్మాయి పేరు అఫ్రీన్. బీకాం చివరి సంవత్సరం. ఊరు పుంగనూరు. రోజూ పొద్దున బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో పోతుంది. నాన్న అబ్దుల్ గఫార్‌కు అక్కడ బజారులో బ్యాగుల అంగడి ఉంది. అర్థశాస్త్రంలో కాలేజీ మొత్తం మీద ఆమెవే మంచి మార్కులన్న మాట నిజమే గాని, ఎంపికకు కారణం అది కాదు. యాప్ పేర్లను అక్షర క్రమంలో పేర్చింది, ‘అ’తో మొదలయ్యే పేరు ఆ క్లాసులో ఆమెదొక్కటే. ఆ పేరు గల మనిషికి పాఠం చెప్పడం కూడా వచ్చి ఉండటం కేవలం కాకతాళీయం. ఎంత పకడ్బందీగా నడిపినా ఏ పథకంలోనైనా ఇలాంటి పొరపాట్లు ఒకటీ అరా జరుగుతుంటాయి.

గౌరవ వేతనం ఇస్తామన్నారు. అందులో గౌరవం మొదటి నెలలోనే అందింది. మిగతాది పరిశీలనలో ఉంది. అయినా అఫ్రీన్ పట్టించుకోలేదు. పాఠం చెప్పడమంటే ఆ అమ్మాయికి ప్రాణం. అర్థం కాని మొహం అర్థమైన మొహంగా మారడం చూడటానికి ఎంత దూరమైనా బస్సులో నిలబడి వచ్చే రకం.

పథకం కింద సాయం పొందాలంటే విద్యార్థి ముందు తాను బలహీనమని నిరూపించుకోవాలి. అందుకు ‘నేను ఎందుకు బలహీనం’ అనే అంశంపై తప్పుల్లేకుండా, ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక వ్యాసం రాసివ్వాలి. (తప్పులు దొర్లిన వ్యాసాలను తిరస్కరిస్తారు. అందువల్ల నిజంగా బలహీనమైన వాళ్లెవరూ ఇంతవరకు పథకంలోకి రాలేదు.) ఆ వ్యాసంలో నెగ్గిన వారిలో రెండో సంవత్సరం చదివే మునిలక్ష్మి ఒకతె.

మునిలక్ష్మిది రామసముద్రం దగ్గర పల్లె. నాన్న మునెప్ప ఒకప్పుడు ఊళ్లోవాళ్ల చేలల్లో కూలికి పోయేవాడు. ఇప్పుడు పాలు చల్లబరిచే కేంద్రంలో నెల జీతానికి ఉన్నాడు, ఇంటి వెనక కొద్దిగా టమోటా పెడతాడు. కూతురు మొదటి సంవత్సరంలో వ్యాపార అర్థశాస్త్రం తప్పింది. మునెప్ప తిట్టలేదు, కొట్టలేదు. ‘ఇంగొక్కసారి రాయమ్మా. పాసైతే సదువు. లేదంటే మీ అత్త చెప్పిన గార్మెంట్స్‌కి పోదువు’ అని మాత్రం అన్నాడు. బెంగళూరు పక్క ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ ముందు ఒక స్టూలు ఆ అమ్మాయి కోసం ఖాళీగా ఉందని అత్త వారం వారం ఫోన్ చేసి గుర్తు చేస్తూనే ఉంది.

ఈ మునెప్ప ఫోనుకు పథకం వాళ్లు ఒక మెసేజి పంపే ఏర్పాటు చేశారు. ‘మీ కుమార్తె చదువులో బలహీనంగా ఉన్నందున నేడు సాయంత్రం బస్సులో వచ్చును.’ ఆ మెసేజి వచ్చిన రోజు మునిలక్ష్మి నిశ్చింతగా కాలేజీలో ఉండి చదువుకోవచ్చు. రాని రోజు మధ్యాహ్నం బస్సుకే ఇంటికి చేరి టమోటా కోయాలి. కూతురి బలహీనత మీద మునెప్పకు అంత గురి. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోనే, అది ఆయన జేబులోనే ఉంటుంది.

మొదటి రోజు అఫ్రీన్ అడిగింది. “ధర పెరిగితే డిమాండ్ ఏమవుతాది?”

“పెరగతాదక్కా.”

“యాల?”

“రేటు పెరిగితే మా ఊర్లో అందురూ టమోటానే నాటతారు. నారు దొరకదు. మందులంగట్లో నిలబడేదానికే సోటుండదు. రేటు పడిపోయినాదనుకో, ఎవురూ మండీకి తోలరు, ఆవులకేస్తారు. ఇంగ డిమాండ్ యాడుండాది?”

పరీక్షలోనూ ఇదే రాసిందట, ఇంకాస్త వివరంగా. అందులో అబద్ధమన్నది లేదు. మార్కు కూడా లేదు.

అఫ్రీన్ కాసేపు ఆలోచించింది. పుస్తకంలో ఆపిల్ ఉదాహరణ ఉంది. మునిలక్ష్మి ఆపిల్ తిన్నది ఆసుపత్రిలో ఎవరినో చూడబోయినప్పుడు. దాని ధర గురించి ఆ అమ్మాయికి ఏ అభిప్రాయమూ లేదు. (పాఠంలో టమోటాను వాడుకోవడానికి అఫ్రీన్ అప్పటికే అనుమతి కోరింది. టమోటా పండా, కూరగాయా అన్నది తేలే వరకు ఆగమని జవాబు వచ్చింది.) అనుమతి సంగతి తర్వాత చూసుకుందామనుకుంది.

“మీ నాయనతో మండీకి పోతావు గదా. పోయినప్పుడు యాడ నిలబడతావు?”

“మా ట్రేల కాడ.”

అఫ్రీన్ నోటుబుక్కులో పైనుంచి కిందికి దిగే ఒక గీత గీసింది. “సరే. ఈ బొమ్మలో నువ్వు ఆ ట్రేల కాడ లేవు. సంచి పట్టుకోని పుంగనూరు బజార్లో టమోటా కొనేదానికి వచ్చినావు. రేటు డబలైందన్నారు. ఏం జేస్తావు?”

మునిలక్ష్మి తన చేతిలో లేని సంచి వంక చూసుకుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి టమోటా కొన్న మనిషి కాదు. “అరకేజీ సాలంటానేమో... రసం పల్చగా కాస్తాను.”

“అదే డిమాండ్. నువ్వు ఇన్నాళ్లూ చెప్పిందంతా సప్లై.”

“అయితే నేను రాసింది తప్పు కాదా అక్కా?”

“తప్పు కాదు. వేరే ప్రశ్నకు కరెక్టు జవాబు.”

ఆ మాటకు మునిలక్ష్మి మొహం విచ్చుకుంది. అఫ్రీన్‌కు కావలసింది అదే. ఆ సాయంత్రం బస్సులో సీటు దొరక్కపోయినా ఆమెకు నిలబడ్డట్టే అనిపించలేదు.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. శనివారం యాప్ పెట్టే వారాంతపు పరీక్షలో మునిలక్ష్మి అన్నీ సరిగ్గా రాసేసింది. తెర మీద రంగురంగుల పూలు రాలాయి. ‘అభినందనలు! ఈ విద్యార్థిని సందేహరహితురాలు. బోధన ముగిసినది’ అని వచ్చింది. అదే క్షణంలో మునెప్ప ఫోనుకు ఇంకో మెసేజి పోయింది. ‘మీ కుమార్తెకు ఇకపై సాయంత్రం బస్సు అవసరం లేదు.’ పుస్తకంలో అయింది మొదటి పాఠమే. వ్యాకోచత్వం, ఉత్పత్తి వ్యయాలు, మార్కెట్లు అన్నీ అలాగే ఉన్నాయి. పరీక్ష దగ్గరికొచ్చేసింది. సోమవారం నుంచి మునిలక్ష్మి మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయి టమోటా కోస్తోంది.

అఫ్రీన్ కాలేజీలో పథకం చూసే కామర్స్ లెక్చరర్ చంద్రశేఖర్ సార్ దగ్గరికి పోయింది. ఆయన మంచివాడు. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా కంప్యూటర్ మీదనుంచి కళ్లు తిప్పకుండానే అయ్యో అంటాడు.

“అయ్యో. కానీ సందేహం తీరిందని ఒకసారి రాసినాక, మళ్లా ఉండాదంటే ఎట్లమ్మా? ముందు తీర్సింది అబద్ధమని ఒప్పుకున్నట్టు గదా. మన కాలేజీ ర్యాంకేం గావాల? కుప్పం పో. ప్రాంతీయ సందేహ నివారణాధికారి ఆడుంటాడు.”

మదనపల్లె సందేహాలకు కార్యాలయం కుప్పంలో ఎందుకు పెట్టారన్నది ఇంకో సందేహం. దానికి నంబరు లేదు. అఫ్రీన్ పుంగనూరు, పలమనేరు, వి.కోట దాటి మూడు భాషల బోర్డులు చదువుకుంటూ కుప్పం చేరింది. గ్రానైట్‌కు కొదవ లేని ఊరు కనుక ఆఫీసు నామఫలకం సమాధి రాయంత గొప్పగా ఉంది. లోపల వచ్చిన వాళ్లు కూర్చోవడానికి కుర్చీ లేదు. అధికారి లక్ష్మీపతి తన కుర్చీలోంచి సగం లేచి, రెండు కుర్చీలు కావాలని రాసి ఏడాదైందని చెప్పి, మళ్లీ కూర్చున్నాడు. సంగతంతా ఓపిగ్గా విన్నాడు.

“సూడమ్మా, సందేహరహితురాలికి సందేహం రాకూడదు. రూలు అట్లుండాది. నేనేం జేసేది?”

“ఆ పిల్లకు ఒక్క పాఠమే వచ్చు సార్. ఈసారి తప్పితే చదువు మాన్పించి గార్మెంట్స్‌కి పంపిస్తారు.”

లక్ష్మీపతికీ ఆడపిల్లలున్నారు. ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. “వచ్చే సోమవారం నిలకడ పరీక్షుంటాది, సందేహం తీరినోళ్లకు తీరినట్టే ఉండాదా లేదా అని. దాంట్లో ఫెయిలైతే మళ్లా బలహీనం కిందికొస్తాది. ఆపైన వారం వారం ఫెయిలవుతా ఉండల్ల. అట్లయితే పరీక్ష దాకా నువ్వు ఏమైనా చెప్పుకోవచ్చు. కానీ జాగ్రత్తమ్మా. మరీ అన్యాయంగా ఫెయిలైతే అక్షరాభ్యాస విభాగానికి పంపించేస్తారు. ఆడ పలకలిస్తారు.”

ఆ విధంగా అఫ్రీన్ తన బోధనా వృత్తిలో అత్యంత కఠినమైన పాఠాన్ని తయారుచేసుకుంది. తగుమాత్రంగా ఫెయిలవడం ఎలా అన్నది ఆ పాఠం. మధ్యాహ్నం అన్నాల వేళ వరండాలో చెప్పబోతే మునిలక్ష్మి అడ్డం తిరిగింది.

“తెలిసినాక తెలీనట్టు ఎట్ల రాసేదక్కా? గీత దానంతటదే కిందికి పోతాండాది.”

“నీ పాత జవాబుండాది గదా, నారు దొరకదు, ఆవులకేస్తారు అని. అదే రాయి.”

“అది వేరే ప్రశ్నకు కరెక్టు జవాబంటివే?”

“అందుకే రాయమంటాండా.”

మునిలక్ష్మి రాసింది. నిలకడ పరీక్షలో ఎంత కావాలో అంతే తక్కువగా మార్కులు తెచ్చుకుని ఫెయిలైంది. ఫస్ట్ క్లాసు వచ్చినంత సంబరంగా అఫ్రీన్ ఆ అమ్మాయి భుజం తట్టి, తర్వాత ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది. మునెప్ప ఫోను మోగింది. ‘మీ కుమార్తె చదువులో బలహీనంగా ఉన్నందున...’ సాయంత్రం బస్సు తిరిగి వచ్చింది.

ఆ తర్వాత పని ఒక దారిన పడింది. వారమంతా ఒక పాఠం నేర్చుకోవడం, శనివారం ఆ పాఠంలోనే ఫెయిలవడం. నేర్చుకోవడం తేలికే, ఫెయిలవడానికే బాగా చదవాల్సి వచ్చేది. ఏ జవాబు తప్పుగా రాస్తే అనుమానం రాదో, ఏది సరిగ్గా రాస్తే పలక చేతికి రాదో ఇద్దరూ కూర్చుని లెక్కేసుకునేవారు. ఉప్పు ధర పెరిగినా కూరలో ఉప్పు ఎందుకు తగ్గదో, టమోటా ఎందుకు తగ్గుతుందో మునిలక్ష్మి ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. శనివారాల్లో మాత్రం చెప్పదు.

దీని ప్రభావం ఇంకోచోట పడుతూ వచ్చింది. విద్యార్థి ఫెయిలైన ప్రతిసారీ యాప్‌లో అఫ్రీన్ పేరు పక్కనున్న ఆకుపచ్చ చుక్క రంగు మారింది. ముందు పసుపైంది, తర్వాత ఎర్రనైంది. ఎర్రచుక్క పడిన వారిని బలహీన బోధకులంటారు. పారదర్శకత కోసం ఆ పేర్లను కాలేజీ నోటీసు బోర్డులో పెడతారు. అఫ్రీన్ ఆ బోర్డు ముందు నుంచి పోవడం మానేసి, వెనక మెట్ల దారి పట్టింది. బాధపడలేదని చెప్పలేం. తనకు బాగా వచ్చిన పని అది ఒక్కటే, ఆ పనే రాదని గోడకు అంటించారు.

మునిలక్ష్మి పరీక్ష రాసింది. ఈసారి టమోటా ఊసెత్తకుండా అన్నింటికీ ఆపిల్ రాసింది. ఫలితాలు వచ్చాయి. ఆ పేపర్‌లో కాలేజీకే పెద్ద మార్కు ఆ అమ్మాయిది. దాని పక్కన ‘అసహజ జ్ఞానం, విచారణలో ఉంది’ అని రాసి ఫలితం ఆపేశారు. నిలకడ పరీక్ష నుంచి ఏ వారమూ పాస్ కాని మనిషి ఒక్కసారిగా అంత జ్ఞానం ఎక్కడి నుంచి తెచ్చిందో తేల్చాలట.

“పాసా, ఫెయిలా?” అన్నాడు మునెప్ప.

“పాసే నాయనా. కానీ ఆపినారు.”

“ఆపితే ఫెయిలే గదమ్మా.” అత్త అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసింది. స్టూలు ఇంక ఆగేట్టు లేదు.

విచారణకు కుప్పం రమ్మన్నారు. మునెప్ప, మునిలక్ష్మి, అఫ్రీన్ ముగ్గురూ పోయారు. కుర్చీలు ఇంకా రాలేదు. లక్ష్మీపతిని చూడగానే అఫ్రీన్‌కు ధైర్యం వచ్చింది.

“సార్, మీరే గదా ఆ పొద్దు చెప్పింది...”

“అది మాట సాయం. ఇది విచారణ. రెండూ వేరే వేరే ఫైళ్లమ్మా” అని ఆయన కళ్లజోడు పెట్టుకుని మునిలక్ష్మి వైపు తిరిగాడు. “చెప్పు. ఆపిల్ ధర పెరిగితే డిమాండ్ ఏమవుతాది?”

మునిలక్ష్మి నోట్లో రెండు జవాబులూ సిద్ధంగా ఉన్నాయి. ఇన్ని వారాలుగా రెండింటినీ మోస్తూనే ఉంది. తప్పు చెబితే ఈ మార్కులు నీవి కావంటారు. ఒప్పు చెబితే ఎవరు నేర్పారంటారు. ఆ అమ్మాయి అఫ్రీన్ వైపు చూసింది. అఫ్రీన్ చిన్నగా తలూపింది.

“తగ్గుతాది సార్. కొనేవాళ్ల పక్క నిలబడి సూస్తే తగ్గుతాది. అమ్మేవాళ్ల పక్క నిలబడితే అది వేరే గీత.”

లక్ష్మీపతి మొహం ఒక్క క్షణం వెలిగి, వెంటనే ముడుచుకుంది. “తెలిసిపోయినాదే! ఇప్పుడెట్ల? నీకు నేర్పినామె ఈమె. నిలకడ పరీక్ష నుంచి ఈమె చెప్పినన్ని వారాలూ నువ్వు ఫెయిలు. ఆ ఫెయిళ్లు దొంగవైతే పథకాన్ని మోసం చేసినట్టు, నీ రిజల్టు రద్దు. దొంగవి కాకుంటే ఈమె నీకేమీ నేర్పలేదన్నట్టు.” ఆయన కలం మూత తీసి అఫ్రీన్ వైపు చూశాడు. చూపులో ప్రశ్న కన్నా వేడుకోలే ఎక్కువగా ఉంది. “ఏమ్మా, నువ్వు నేర్పినావా?”

మునిలక్ష్మి ఏదో అనబోయింది. అఫ్రీన్ ఆ అమ్మాయి చేయి గట్టిగా పట్టుకుంది.

“లేదు సార్. నేనేమీ నేర్పలేదు. ఆ పాఠాలు నాకే సరిగ్గా రావు.”

ఆ మాట అంటున్నప్పుడు అఫ్రీన్‌కు ఏడుపొచ్చింది. ఆపుకుంది. ఆఫీసులో ఏడవడానికి ఏ కాలమ్ ఉందో తెలియదు.

“అట్ల చెప్పు!” అన్నాడు లక్ష్మీపతి ప్రాణం లేచొచ్చినట్టు. ఒక పాత సర్క్యులర్ వెతికి తీశాడు. ఎవరూ నేర్పకుండా ఎవరికైనా ఏదైనా వచ్చేస్తే దాన్ని ‘స్వయంభూ జ్ఞానం’గా పరిగణించవచ్చని అందులో ఉంది. (దేవుడి విగ్రహాలకు మాత్రమే వర్తించే ఈ వెసులుబాటును విద్యాశాఖకు ఎవరు తెచ్చారో గాని, చల్లగా ఉండాలి.) మునిలక్ష్మి ఫలితం ఆ సాయంత్రమే విడుదలైంది. పాస్.

తిరుగు ప్రయాణంలో మునెప్ప పలమనేరులో దిగి ముగ్గురికీ టీ తెచ్చాడు. అఫ్రీన్ చేతికి గ్లాసు ఇస్తూ ఆప్యాయంగా అన్నాడు. “నీకు రాకపోయినా మా పాపకు తోడుగా కూర్సున్యావు తల్లీ. అది సాలు. నువ్వు దిగులు పడాకు, నీకూ వస్తాది.”

“నాయనా...” అంది మునిలక్ష్మి.

“టీ తాగు ముందు, చల్లారిపోతాది” అంది అఫ్రీన్.

స్వయంభూ జ్ఞానులను వృథా పోనివ్వకూడదని నియమం. మునిలక్ష్మిని అర్థశాస్త్ర విద్యార్థి బోధకురాలిగా నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది. కూతురికి కాలేజీలో పోస్టు వచ్చిందని మునెప్ప పాల కేంద్రంలో అందరికీ చెప్పాడు. అత్త స్టూలు ఇంకెవరికో ఇచ్చేసింది. అదే ఉత్తర్వు రెండో పేజీలో, బలహీన బోధకులను బలహీన విద్యార్థులుగా పరిగణించి వారికి దగ్గరలోని బోధకులను కేటాయించాలని ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం పుంగనూరు బజారులో అబ్దుల్ గఫార్ ఫోను మోగింది. ఆయన మెసేజి చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివి, కూతురికి ఫోన్ చేశాడు. “బేటీ, నువ్వు సదువులో బలహీనంగా ఉండావంట. సాయంత్రం బస్సుకు వస్తావంట. యాలమ్మా, ఒంట్లో బాగుండాదా?”

“బాగుండాను అబ్బాజాన్. ఊరికే. వచ్చి చెప్తాను.”

క్లాసులో మునిలక్ష్మి బోర్డు దగ్గర నిలబడి ఉంది. అఫ్రీన్ ముందు బెంచీలో కూర్చుంది.

“అక్కా” అంది మునిలక్ష్మి, తల వంచుకుని. “ఏదో ఒక సందేహం పెట్టక్కా. ఒక్కటన్నా లేకుంటే నా పోస్టు తీసేస్తారంట. మళ్లా గార్మెంట్సే.”

అఫ్రీన్ ఫోన్ తీసింది. తనకు తెలియనిది ఆ పుస్తకంలో ఏముందా అని వెతికి, దొరక్క, చివరికి ఇలా నొక్కింది. ధర పెరిగితే డిమాండ్ ఎందుకు తగ్గుతుంది? నంబరు వచ్చింది.

మునిలక్ష్మి చాక్‌పీసు తీసుకుంది. బోర్డు మీద గుండ్రంగా ఒక కాయ గీసి, దానికి తొడిమ పెట్టబోయి, ఆగి, చెరిపేసి, ఆకు పెట్టింది.

“ఇది ఆపిల్ అనుకో అక్కా. టమోటాకు ఇంకా ఆర్డరు రాలేదంట.”